టోటల్ తొమ్మిది

"పెన్ను తీసేసుకోండి మాస్టారూ. నా వల్ల కాదు."

జగ్గయ్యపేట లారీ షెడ్డు వెనక, తుమ్మచెట్ల నీడలో నిలబడి అన్సార్ చెయ్యి చాపాడు. అరచేతిలో నల్లటి ఫారిన్ పెన్ను, దానికి బంగారు రంగు క్యాప్. క్యాప్‌లో మైక్రోఫోను, లోపల అరమైలు దూరం మాట పంపే ట్రాన్స్‌మీటరు. హైదరాబాద్ హెడ్డాఫీసులో టెక్నికల్ సెక్షన్ వాళ్ళు ఆర్నెల్లు కూర్చుని చేసిన వస్తువు. ఆ ఆర్నెల్లలో ఒక్క పెద్దమనిషికీ తట్టని సంగతి ఒకటుంది. లారీ డ్రైవరు ఖాకీ చొక్కా జేబులో అలాంటి పెన్ను మెరుస్తుంటే చూసినవాడు ఏమనుకుంటాడు?

అన్సార్‌కి మాత్రం మొదటి రోజే తట్టింది. "ఇది చూస్తే నవ్వుతారండి. బీడీకట్టలో పట్టేదేమన్నా ఉంటే ఇవ్వండి" అన్నాడు. అప్పుడు ఏజెంట్ భవానీప్రసాద్ తనే నవ్వేసి ఊరుకున్నాడు.

ఇప్పుడు నవ్వలేదు. "ఏం జరిగింది?" అన్నాడు.

"ఇందాక భోజనాల కాడ ఓనరు నా జేబు వంక చూసాడండి. ఏమీ అనలా. రత్తయ్యగారు నోరు చేసుకుంటే భయం లేదు, అరగంటలో మర్చిపోతాడు. ఏమీ అనలేదంటేనే భయం."

"ఇంకొక్క ట్రిప్పు, అన్సార్. రేపు ఒక్కటీ. తర్వాత నిన్ను తప్పించే పూచీ నాది."

అన్సార్ పెన్ను వంక చూశాడు. మాస్టారి మొహం వంక చూశాడు. "మీరు చెప్తే సరేనండి" అని దాన్ని మళ్ళీ జేబుకి తగిలించుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

మీరు చెప్తే! భవానీప్రసాద్ ఐదు దేశాల్లో పనిచేశాడు. మూడుసార్లు తుపాకి గుండు తప్పించుకున్నాడు. ఆ రెండు మాటలు తప్పించుకోవడం మాత్రం చేతకాక నందిగామ బస్సెక్కి కిటికీ పక్కన ముడుచుకు కూర్చున్నాడు.

అన్సార్ అతన్ని మాస్టారూ అనడానికి కారణం ఉంది. నందిగామ బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక ట్యుటోరియల్. టెన్త్ తప్పినవాళ్ళకి అక్కడ లెక్కలు చెప్పే భవానీప్రసాద్ మాస్టారు, ఎమ్మెస్సీ. డిగ్రీ అసలుదే, ఉద్యోగమే వేషం. దేశం కోసం సన్యాసి వేషం కట్టాడు, సర్కస్ మేనేజరు వేషం కట్టాడు. అన్నిట్లోకీ సులువు ఇదే అనుకున్నాడు. బోర్డు మీద ఏదో ఒకటి రాస్తే సరి, పాసయ్యేవాడు పాసవుతాడు, లేనివాడు లేదు.

అన్సార్ చేరింది నిజంగా చదువుకోవడానికే. టెన్త్‌లో లెక్కలు తప్పాడు. అవి పాసైతే ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. "స్టీరింగు పట్టుకుని నిద్ర ఆపుకోవడం కంటే టిక్కెట్లు కొట్టుకోవడం నయం కదండీ" అనేవాడు. అతను నడిపేది రత్తయ్య లారీ అని తెలిసిన రోజున మాస్టారిలోంచి ఏజెంటు నిద్రలేచాడు. బెంచీ మీద కూర్చున్న శిష్యుణ్ణి ఇన్‌ఫార్మర్‌గా మార్చడానికి పెద్ద కష్టం కూడా పడలేదు. దేశం పని అన్నాడు. కుర్రాడు లేచి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం గదిలో ట్రాన్సిస్టరు రేడియో వెనక మూత తీసి మీట నొక్కగానే గరగరమంది.

"తమలపాకు కాలింగ్ సున్నం." తమలపాకు అంటే చీఫ్ జగన్నాథరావు. సున్నం అంటే భవానీప్రసాదే. "రేపు నేవీ ట్రాలీ హైదరాబాద్ నుంచి విశాఖపట్నం పోతుంది. లోపలున్నది సబ్‌మెరైన్లకి పెట్టే చెవి. సముద్రం అడుగున ఎవడు దగ్గినా వినపడుతుంది. బ్లాక్ టైడ్ ముఠా దాన్ని మీ ఏరియాలో లేపేయాలని చూస్తోంది. వాళ్ళ లోకల్ మనిషి రత్తయ్య. ఎక్కడ, ఎలా? అది కావాలి."

"నా డ్రైవరు మీద అనుమానం పడ్డట్టుంది సార్. అతన్ని తీసేద్దాం."

"అనుమానం పడని ఇన్‌ఫార్మర్ ఎవడయ్యా? రేపటిదాకా కదిలించకు. ఓవర్."

భవానీప్రసాద్ ఇంకొక్కసారి అడిగి ఉండొచ్చు. అడగలేదు. చీఫ్ వద్దన్నాడుగా అనుకుని రేడియో మూత పెట్టేశాడు. వద్దనిపించుకోవడానికే అడిగాడని అతనికి తెలుసు.

తెల్లారి బుధవారం. ట్యుటోరియల్‌లో క్లాసు నడుస్తుండగా బయట మీగడ రంగు ఫియట్ ఆగింది. చల్లటి కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు షిఫాన్ చీర, మనిషి కంటే ముందు గదిలోకొచ్చిన సెంటు వాసన. కుర్రాళ్ళందరి మెడలూ ఒక్కసారే తిరిగాయి.

"మాస్టారూ, మా తమ్ముడికి లెక్కల్లో సున్నాలొస్తున్నాయండి" అందామె.

"పక్కన ఒకటి పెడదాం."

"ఎటు పక్కన?"

"ఎడం పక్కన."

కోడ్ సరిపోయింది. ప్రమీలారాణి. పైకి ఫారిన్ తాళాల కంపెనీ రిప్రజెంటేటివ్. లోపల బ్లాక్ టైడ్‌కి ట్రైనింగ్ ఆఫీసరు. ఆ లోపల మన డిపార్ట్‌మెంట్ మనిషి. ఇంకా లోపల ఏముందో జగన్నాథరావుకి కూడా తెలియదు. భవానీప్రసాద్ ఆమెను వరండాలోకి తీసుకెళ్ళాడు.

"కీసర బ్రిడ్జి" అంది ఆమె గొంతు తగ్గించి. "మున్నేటి మీద, సరిగ్గా మధ్యలో. రత్తయ్య లారీ చెడిపోయినట్టు ఆగుతుంది. సీటు కింద బాంబు బాక్సు. ట్రాలీ పక్కనుంచి వెళ్ళేసరికి పేలేట్టు టైమరు పెట్టారు. డ్రైవరు దిగిపోకుండా కాలికి గొలుసేసి బాక్సుకి తగిలించారు."

"ఏ డ్రైవరు?"

"మీ పెన్ను పెట్టుకున్న డ్రైవరు."

భవానీప్రసాద్ వరండా స్తంభం పట్టుకున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న మధ్యాహ్నం. భోజనాలవగానే రత్తయ్య నాతో అన్నాడు."

"నిన్న తెలిస్తే ఇవాళ చెబుతావా! నువ్వసలు మనిషివేనా?"

ప్రమీలారాణి కళ్ళద్దాలు తీసింది. రాత్రంతా నిద్రలేని కళ్ళు. "నిన్న చెబితే నా కవర్ పోయేది. అంతకంటే కారణం లేదు. మరి మీకు అతనే స్వయంగా చెప్పే ఉంటాడుగా? మీరేం చేశారు?"

గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు. భవానీప్రసాద్ లోపలికెళ్ళి పిల్లల్ని ఇంటికి పొమ్మన్నాడు. చేతిలోని సుద్దముక్క జేబులో వేసుకున్న సంగతి కూడా గమనించలేదు.

ఫియట్ డాష్‌బోర్డులో వైర్‌లెస్ ఉంది. చీఫ్ వెంటనే దొరికాడు.

"వెల్‌డన్ సున్నం! ట్రాలీని జగ్గయ్యపేటలోనే ఆపిస్తున్నా. బ్రిడ్జికి రెండు వైపులా పోలీసులు దారి మూసేస్తారు. వాళ్ళ ప్లాను ఫెయిల్. కంగ్రాచ్యులేషన్స్."

"బ్రిడ్జి మీద అన్సార్ ఉన్నాడు సార్."

గరగర.

"బాంబ్ స్క్వాడ్ ఇక్కణ్ణుంచి బయల్దేరింది."

"హైదరాబాద్ నుంచి కీసరకి రావాలి. టైముకి అందుకోలేరు సార్."

"బ్రిడ్జి మళ్ళీ కట్టుకోవచ్చయ్యా."

"డ్రైవర్ని?"

ఈసారి గరగర ఎక్కువసేపు వినపడింది. "రిపోర్టులో మంచిగా రాద్దాం. నువ్వు బ్రిడ్జెక్కకు. ఆర్డర్."

భవానీప్రసాద్ మీట కట్టేశాడు. ఆర్డర్ పాటించడమంటే ఎలా ఉంటుందో నిన్ననే చూశాడు.

దారిలో ప్రమీలారాణి బాక్సు సంగతి చెప్పింది. అది ఆమె కంపెనీ తాళమే. మూత మీద పన్నెండంకెల పెద్ద సంఖ్య ఒకటి ఎర్రగా వెలుగుతూ ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. కింద రెండు వరసల్లో చక్రాలు, వరసకి ఆరు. పై వరసలో ఒక సంఖ్య, కింది వరసలో ఒక సంఖ్య తిప్పి పెట్టాలి. లోపలున్న కాలిక్యులేటరు ఆ రెంటినీ గుణిస్తుంది. మూత మీద సంఖ్య వస్తే టైమరు ఆగుతుంది, గొలుసు ఊడుతుంది. రాకపోతే అక్కడికక్కడే పేలుతుంది. రెండో ఛాన్సు లేదు. గొలుసు కోసినా, లారీ కదిలినా అంతే.

"రత్తయ్య పెట్టుకున్న రెండు సంఖ్యలేమిటి?"

"అవి పెట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ తెలియవు. మా కంపెనీ గొప్ప అదే. కానీ పాఠం చెప్పింది నేను. రెండూ ప్రధాన సంఖ్యలే పెట్టాలి, దేంతోనూ తెగనివి, ఆరేసి అంకెలవి అన్నాను. అలా పెడితే వాటిని గుణించడం చిటికెలో పని. గుణించాక వచ్చినదాన్ని మళ్ళీ ఆ రెండుగా విడగొట్టడం మనిషి తరం కాదు. హెడ్డాఫీసు కంప్యూటర్ని అడగరాదూ?"

అడిగాడు. కంప్యూటరు గదిలో ఏసీ పాడైంది. మెకానిక్ వచ్చేదాకా మిషను ఆన్ చెయ్యకూడదట.

బ్రిడ్జి మొదట్లో పోలీసులు బట్టలుతికేవాళ్ళని ఇసకలోంచి తరుముతున్నారు. ఫియట్ ఆగింది. ప్రమీలారాణి స్టీరింగు వదల్లేదు. "నేను రాను. ధైర్యం ఉన్నట్టు కనపడటం వరకే నా ఉద్యోగం" అంది. భవానీప్రసాద్‌కి ఆమె మీద కోపం అక్కడితో పోయింది.

బ్రిడ్జి మధ్యలో సున్నపురాయి లోడుతో పాత లారీ. ముందు పలక మీద 729. పసుపు, కుంకుమ, ఎండిన నిమ్మకాయలు. కేబిన్‌లో అన్సార్ వెలిగించని బీడీ నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టార్ని చూసి బీడీ తీసేశాడు.

"మీరెందుకొచ్చారండీ? వెళ్ళిపోండి."

"జరుగు" అని భవానీప్రసాద్ పక్క సీట్లోకి ఎక్కాడు.

"ఓనరు పెన్ను నా జేబులోనే ఉంచాడండి. మీవాళ్ళకి చివరి మాట చెప్పుకో, అన్నాడు. నేనేం చెప్పలేదు. మీరు వింటూ ఉంటే బాధపడతారని."

ఛీ, ఏం బతుకు! భవానీప్రసాద్ తలొంచుకుని బాక్సు వంక చూశాడు. మూత మీద ఎర్రటి అంకెలు: 374725327977. వాటి పక్కన గుండ్రటి డయల్, మీద ముల్లు. ముల్లు ముందు ఎర్రగీత. ఆ రెంటికీ మధ్య దూరం రెండు వేళ్ళ మందమే ఉంది.

"ఆ పెన్ను ఇటివ్వు. లెక్క చెయ్యాలి."

పెన్ను రాయలేదు. విదిలించాడు, రాయలేదు. ఆర్నెల్లు కష్టపడి చేసిన పెన్నులో టెక్నికల్ సెక్షన్ వాళ్ళు సిరాకి చోటు ఉంచారు కానీ సిరా పొయ్యలేదు. జేబులో సుద్దముక్క తగిలింది. ఎదురుగా లారీ డాష్‌బోర్డు నల్లగా, బోర్డులాగే ఉంది.

ప్రధాన సంఖ్యలు రెండు. రెండూ ఆరంకెలవి. ఒకదానికొకటి దగ్గరగా ఉంటే వర్గమూలం దగ్గర మొదలుపెట్టి వెతకొచ్చు. వర్గమూలం ఆరు లక్షల పన్నెండు వేల చిల్లర. అక్కణ్ణుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. మొదటిది కాదు. రెండోది కాదు. తుడిచాడు, మళ్ళీ రాశాడు. చెమట సుద్ద మీద పడి అంకెలు కరిగాయి. ఎమ్మెస్సీలో ఫస్ట్ క్లాసు, పక్కన ముల్లు కదులుతుంటే ఫస్ట్ క్లాసు ఏం చేస్తుంది?

"మాస్టారూ, ఒకటడగనా?"

"అడుగు."

"నాకు లెక్కలు చెప్పారు కదా. అది కూడా డ్యూటీయేనాండీ?"

సుద్ద ఆగిపోయింది. అబద్ధాలు చెప్పడంలో డిపార్ట్‌మెంట్ మెడల్ ఉన్నవాడు. ఒక్కటి చెప్పొచ్చు. కుర్రాడు సంతోషంగా ఉంటాడు.

"డ్యూటీయే" అన్నాడు భవానీప్రసాద్. "సరిగా చెప్పను కూడా లేదు. నువ్వడిగినవాటికి సగం జవాబులు చెప్పలేదు. నిన్న తప్పించమంటే తప్పించలేదు. తప్పంతా నాది, అన్సార్."

అన్సార్ ఏమీ అనలేదు. కిటికీలోంచి మున్నేటి ఇసక వంక చూస్తూ కూర్చున్నాడు. ఏమీ అనకపోతే ఎందుకు భయమో భవానీప్రసాద్‌కి అప్పుడర్థమైంది.

అప్పుడే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. తొమ్మిది రూలు చెప్పిన రోజు. అంకెలన్నీ కలిపితే తొమ్మిది వస్తే ఆ సంఖ్య తొమ్మిదో ఎక్కంలో పోతుంది అని బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలోంచి అన్సార్ నవ్వుతూ "మా ఓనరు కూడా అంతేనండీ" అన్నాడు. ఓనరు సంగతులు క్లాసులో వద్దని కసిరాడు తను. సెక్యూరిటీ!

"ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు. మీ ఓనరు కూడా అంతే అన్నావు. ఏంటది? ఇప్పుడు చెప్పు, వింటా."

అన్సార్ తల తిప్పాడు. "ఏముందండీ, మా ఓనరు టోటల్ తొమ్మిది రానిది ముట్టుకోడు. ఈ లారీ ఏడు రెండు తొమ్మిది, కలిపితే పద్ధెనిమిది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. రెండో లారీ ఐదొందల పదమూడు, అదీ తొమ్మిదే. కొత్త లారీ కొంటే నంబరు టోటల్ ఆరొచ్చిందని తెచ్చిన రేటుకే అమ్మేసాడు. పెళ్ళి తారీఖు కూడా తొమ్మిదేనట. ఆవిడ పుట్టింటికి పోయిందనుకోండి, అది వేరే సంగతి."

భవానీప్రసాద్ ఎర్రటి అంకెల్ని కలపడం మొదలెట్టాడు. మూడు, ఏడు, నాలుగు, పద్నాలుగు. ఏడు, రెండు, ఐదు, ఇరవైఎనిమిది. మూడు, రెండు, ఏడు, నలభై. తొమ్మిది, ఏడు, ఏడు. అరవైమూడు.

ఆరూ మూడూ తొమ్మిది.

"ఓరి నీ దుంపతెగ!" అని అరిచాడు. ఎమ్మెస్సీ చదివిన బుద్ధి ఆ చిన్నపరీక్ష చెయ్యనే లేదు. ప్రధాన సంఖ్యలని ప్రమీలారాణి చెప్పింది కదా, తొమ్మిదితో తెగుతుందేమోనని చూసే వెర్రివాడెవడు? రెండు ప్రధాన సంఖ్యల్ని గుణించినది తొమ్మిదో ఎక్కంలో చచ్చినా పోదు. ఇది పోతోంది! అంటే రత్తయ్య పాఠం వినలేదు. బాంబుకి కూడా కలిసొచ్చే నంబరు చూసుకున్నాడు.

"ఏం నంబర్లు పెట్టి ఉంటాడు?" అన్నాడు గట్టిగా.

"ఆయన దేనికైనా లారీ నంబర్లే వాడతాడండీ. లాటరీ టిక్కెట్టుకీ అంతే."

"లారీ నంబరు మూడంకెలే. చక్రాలు ఆరు."

"అయితే రెండుసార్లు కొట్టుంటాడు. సీలు రెండుసార్లు గుద్దినట్టు."

729 పక్కన 729. భవానీప్రసాద్ మళ్ళీ సుద్ద అందుకున్నాడు. మూడంకెల సంఖ్యని పక్కపక్కన రెండుసార్లు రాస్తే దాన్ని వెయ్యిన్నొకటితో గుణించినట్టే. నిజంగా అలాగే పెట్టి ఉంటే ఈ పెద్ద సంఖ్య వెయ్యిన్నొకటితో రెండుసార్లు పోవాలి. దానికి పరీక్ష ఉంది. అంకెల్ని మూడేసి చొప్పున విడగొట్టి, ఒకటి విడిచి ఒకటి కలిపి, రెండు మొత్తాలకీ తేడా చూడాలి.

డాష్‌బోర్డు మోచేత్తో తుడిచి రాశాడు. 374, 725, 327, 977. చివరిదీ రెండోదీ కలిపితే 1702. మిగతా రెండూ కలిపితే 701. తేడా?

"వెయ్యిన్నొకటండీ!" అన్నాడు అన్సార్.

వెయ్యిన్నొకటితో భాగించాడు. 374350977. మళ్ళీ మూడేసి విడగొట్టాడు. 977, 374 కలిపితే 1351. అందులోంచి 350 తీస్తే మళ్ళీ వెయ్యిన్నొకటి! ఇంత పెద్ద సంఖ్య, పైకి రాయిలా కనపడ్డది, లోపల ఉల్లిపాయలా పొర మీద పొర ఊడుతోంది. మళ్ళీ భాగించాడు. మిగిలింది 373977.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది. 729ని 513తో గుణిస్తే అదే రావాలి. రాకపోతే అంతా ఊహ. ముల్లు ఎర్రగీత అంచుకొచ్చింది. కళ్ళు మసకలేసి భవానీప్రసాద్‌కి సొంత అంకెలే కనపడలేదు.

"ఐదొందలతో ముందు చెయ్యండి మాస్టారూ" అన్నాడు అన్సార్ మెల్లిగా. "మూడు లక్షల అరవైనాలుగు వేల ఐదొందలు. పదమూడుతో తొమ్మిది వేల నాలుగొందల డెబ్బైఏడు. కలిపితే..."

ఇద్దరూ ఒకేసారి కలిపారు. 373977.

"తిప్పు!"

పై వరసలో భవానీప్రసాద్, కింది వరసలో అన్సార్. "ఏది పైన పెట్టాలండీ?" "ఏదైనా ఒకటే. గుణకారానికి పైనా కిందా లేదు." ఏడు, రెండు, తొమ్మిది, ఏడు, రెండు, తొమ్మిది. కింద ఐదు, ఒకటి, మూడు, ఐదు, ఒకటి. ఆఖరి చక్రం కదల్లేదు. సున్నపు దుమ్ము పట్టి బిగుసుకుంది. ముల్లు ఎర్రగీత మీదకొచ్చింది. అన్సార్ తన లావుపాటి బొటనవేలు దాని మీద ఆనించి, బిగిసిన నట్టు తిప్పినట్టు ఒక్క తిప్పు తిప్పాడు. మూడు.

టక్.

ముల్లు ఆగింది. ఎర్రటి అంకెలు ఆరిపోయాయి. గొలుసు ఊడి కేబిన్ అడుగున ఖంగున పడింది.

తర్వాత అన్సార్ ఇందాకటి బీడీ వెలిగించబోయి, సీటు కింద ఉన్నదేమిటో గుర్తొచ్చి, దిగి బ్రిడ్జి గోడ దగ్గర వెలిగించుకున్నాడు.

రత్తయ్య దొరికిపోయాడు. గరికపాడు దగ్గర జిల్లా పొలిమేరలో ఒక హోటల్ ముందు నులకమంచం మీద తాపీగా కూర్చుని ఉన్నాడు. జీపు రెడీ, దారి ఖాళీ, పోలీసులు రావడానికి బోలెడు టైముంది. అయినా కదల్లేదు. బుధవారం మిట్టమధ్యాహ్నం రాహుకాలం, అది వెళ్ళేదాకా పొలిమేర దాటనన్నాడట. బేడీలు వేస్తుంటే ప్రమీలారాణి వంక చూసి "మంచి నంబరే పెట్టానమ్మా, ఎక్కడ తేడా వచ్చిందో!" అని వాపోయాడు.

ఆ సాయంత్రం భవానీప్రసాద్ అన్సార్ వాళ్ళింటికి వెళ్ళాడు. అన్సార్ తల్లి జైనాబీ గాజుల వ్యాపారం చేస్తుంది. అరుగు మీద గాజుల మలారం ముందేసుకుని సైజుల వారీగా వేరుచేస్తోంది. మాస్టార్ని చూడగానే లేచి కొంగు సర్దుకుంది.

"మావాణ్ణి కాపాడారంట మాస్టారూ. అల్లా మిమ్మల్ని చల్లగా చూడాల."

"నేను కాపాడలేదమ్మా. వాడి జేబులో ఆ పెన్ను పెట్టింది నేను. తీసెయ్యమని బతిమాలితే తియ్యలేదు. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది ఒకరకంగా నేనే."

జైనాబీ చేతిలో గాజులు ఆగాయి. గుమ్మంలో అన్సార్ తలొంచుకుని నిలబడ్డాడు. ఆమె గాజులు మలారంలో పెట్టేసింది.

"వాడు బతికొచ్చాడు గాబట్టి చెప్తన్నావు. రాకపోతే చెప్పేవోడివా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. లోపలికెళ్ళి పళ్ళెంలో అన్నం, గోంగూర మాంసం పెట్టి తెచ్చి అతని ముందు పెట్టింది. "తిని పో" అంది. తిట్టినా బాగుండేది. ప్రతి ముద్దా మంచినీళ్ళతో దింపుకుంటూ పళ్ళెం ఖాళీ చేశాడు. వదిలేసే హక్కు తనకి లేదనిపించింది.

మర్నాడు తమలపాకు పిలిచింది. ఆర్డర్ మీరినందుకు తిట్లు, పని అయినందుకు మెచ్చుకోలు, రెండూ ఒక్క ఊపిరిలోనే. "కవర్ పోయింది. వచ్చెయ్."

"రాలేను సార్. సిలబస్ అవ్వలేదు."

"ఏ సిలబస్?"

"టెన్త్ లెక్కలు. సెప్టెంబరు పరీక్షలయ్యాక వస్తా. ఓవర్."

ఆ నెలల్లో అతను చెప్పినట్టు నందిగామలో ఎవరూ లెక్కలు చెప్పలేదంటారు. వెనక బెంచీలోంచి ఎవరు నోరు తెరిచినా సుద్ద ఆపి వినేవాడు.

పరీక్షలవగానే హైదరాబాద్ వచ్చేశాడు. కొన్నాళ్ళకి హెడ్డాఫీసుకి నందిగామ నుంచి ట్రంక్‌కాల్ వచ్చింది.

"లెక్కల్లో ముప్పైఆరండి మాస్టారూ!"

"పాసు మార్కు ముప్పైఐదు. ఒకటి ఎక్కువే."

"అది కాదండీ. టోటల్ చూసారా?"

భవానీప్రసాద్ చూశాడు. మూడూ ఆరూ. వాడు నవ్వుతున్నాడు, ఇతనూ నవ్వాడు. నవ్వుతూనే ఇన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన 'క్షమించు' అన్న మాట అందామనుకున్నాడు. అంతలో అన్సారే అందుకున్నాడు.

"ఆ పెన్ను మీరు లారీలోనే వదిలేసారు, నా దగ్గరే ఉండిపోయిందండి. సిరా పోయించి దాంతోనే పరీక్ష రాసా. నేను చెప్పలా? హాల్లో అందరూ నవ్వారండి."

లైను కట్టయింది.

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు ఆ పెన్ను లెక్క అప్పగించమని మూడుసార్లు అడిగారు. మున్నేట్లో పడిపోయిందని రాసి సంతకం పెట్టాడు భవానీప్రసాద్. సర్వీసు మొత్తంలో చెప్పిన అబద్ధాలన్నిట్లో రాత్రి నిద్రపట్టనిచ్చింది అదొక్కటే.